గ్రూపులో పెద్ద గొడవ జరుగుతుంటే కొత్తవాళ్ళు దాన్ని ఎలా చదవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. నెల క్రితం ఒక ప్రోగ్రామింగ్ గ్రూపులో చేరారు. కోడ్ రాసేటప్పుడు లైను ముందు ఖాళీ వదలడానికి ట్యాబ్ కొట్టాలా, స్పేస్ కొట్టాలా అని ఎవరో అడిగారు. రెండు రోజుల్లో 200 పైగా రిప్లైలు వచ్చాయి. ఇద్దరు సీనియర్లు ఒకరినొకరు అనరాని మాటలు అనుకున్నారు, అడ్మిన్ ఆ థ్రెడ్‌ని, అంటే ఆ ప్రశ్ననీ దాని కింది రిప్లైలనీ కలిపి, ఇక ఎవరూ రాయకుండా లాక్ చేసేశారు. మొత్తం చదివినా ఎవరిది కరెక్టో మీకు తేలలేదు. ఇంత చిన్నదానికి అంత గొడవేమిటో అర్థం కాలేదు. ఇప్పుడు మీ సొంత సందేహం అక్కడ అడగాలంటేనే టెన్షన్‌గా ఉంది.

సూటిగా చెబుతాను. ఎవరిది కరెక్టు అని వెతుక్కుంటూ అలాంటి థ్రెడ్ చదివితే చేతికేమీ దొరకదు. మాట ఎక్కడ దారి మళ్ళిందో వెతకండి. ఏ మెసేజ్ దగ్గర విషయం పక్కకి పోయి మనుషులు ముందుకొచ్చారో అది కనబడితే, దానికి పైనున్నది ఒక చర్చ, కిందున్నది వేరే చర్చ అని తెలిసిపోతుంది. పైదాంట్లో నేర్చుకోవడానికి చాలా ఉంటుంది. కిందది ఎక్కువగా ఆ ఇద్దరి మధ్య పాత లెక్క.

నేను 14 ఏళ్ళుగా ఇలాంటి గ్రూపులకి మోడరేటర్‌గా ఉంటున్నాను. ఇప్పుడు రెండు ప్రోగ్రామింగ్ గ్రూపులు చూస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళు నాకు ప్రైవేటుగా పంపే మెసేజ్‌లలో ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట చేయాల్సిన పని చాలా మామూలుది. థ్రెడ్‌ని టైము వరసలో పెట్టుకోండి. చాలా చోట్ల ఎక్కువ లైకులు వచ్చిన రిప్లై పైకి వస్తుంది. లైకులు ఎక్కువగా పడేది ఘాటుగా రాసినదానికే. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు కనబడేది ఎవరో ఎవరికో ఇచ్చిన చివాట్లు. ఆ చివాట్లకి కారణమైన మెసేజ్ ఎక్కడో అడుగున ఉంటుంది. పాతవి ముందు వచ్చేలా మార్చుకుని మొదటి 20 మెసేజ్‌లు నెమ్మదిగా చదవండి. గొడవ 200 మెసేజ్‌లు సాగినా, మలుపు మాత్రం ఈ మొదటి భాగంలోనే ఉండటం నేను ఎక్కువగా చూశాను.

మలుపు ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను. మా గ్రూపులో ఒకాయన తన కోడ్ పెట్టి సలహా అడిగారు. మరొకాయన అందులో ఒక ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) చూసి, "ఈ ఫంక్షన్‌ని రెండుగా విడగొట్టండి, టెస్ట్ చేయడం తేలిక" అన్నారు. మొదటాయన, "నాకు ఇదే చదవడానికి బాగుంది" అన్నారు. ఇంతవరకు కోడ్ గురించే. తర్వాత వచ్చిన రిప్లై: "మీరు ఎప్పుడూ ఇంతే, ఎవరేం చెప్పినా వినరు." ఆ "ఎప్పుడూ" దగ్గరే మలుపు. అక్కడి నుంచి ఫంక్షన్ అన్న మాట థ్రెడ్‌లో మళ్ళీ కనబడలేదు. ఇలాంటి మాటలు కొన్ని గుర్తు పెట్టుకోండి: ఎప్పుడూ, ప్రతిసారీ, మీలాంటివాళ్ళు, పోయినసారి కూడా, అందరికీ తెలుసు. ఇవి విషయం గురించి మాట్లాడేటప్పుడు పెద్దగా అవసరం పడవు. మనిషి గురించి మాట్లాడటం మొదలయ్యాకే వస్తాయి.

తెలుగులో ఇంకో మంచి గుర్తు ఉంది, దాన్ని నేను నమ్ముకుంటాను. పిలుపు మారడం చూడండి. మొదట్లో "రవి, ఇలా చేసి చూడు" అని చనువుగా ఉన్నవాళ్ళు, కాసేపటికి "రవి గారూ, మీరు చెప్పింది సరికాదండీ" అంటారు. ఇంకాసేపటికి "తమరు సెలవిచ్చారు కదా", "అయ్యా మహానుభావా" దాకా వెళ్తారు. మర్యాద పెరుగుతోంది అనుకుంటారు కొత్తవాళ్ళు. నిజానికి పెరుగుతున్నది దూరం. ముందు నుంచీ "మీరు" అనుకునేవాళ్ళ మధ్య "మీరు" కొనసాగితే అది మామూలే. చనువున్నవాళ్ళ మధ్య ఉన్నట్టుండి "గారు" వచ్చిందంటే అక్కడ ఏదో గుచ్చుకుంది. అలాగే అపరిచితుల మధ్య "మీరు" పోయి "నువ్వు" వచ్చిందంటే ఇక ఆ థ్రెడ్‌లో పనికొచ్చే మాట వచ్చే అవకాశం తక్కువ.

రాతలో గొంతు వినబడదు, సగం గొడవలకి మూలం ఇదే. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు, మరి కొందరు కలిసి 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. కొన్ని వాక్యాలు వెటకారంగా అన్నవా, నిజంగా అన్నవా అని గుర్తుపట్టమన్నారు. గొంతు విన్నవాళ్ళు చాలావరకు గుర్తుపట్టారు. మెయిల్‌లో చదివినవాళ్ళది నాణెం ఎగరేసి చెప్పినదానికంటే కాస్తే మెరుగు. పంపినవాళ్ళు మాత్రం తమ ఉద్దేశం మెయిల్‌లో కూడా స్పష్టంగా అర్థమవుతుందనే ధీమాతో ఉన్నారు. ఈ సంగతి కొత్తది కూడా కాదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ బోర్డులో సరదాకి అన్నది సీరియస్‌గా తీసుకుంటున్నారనే, స్కాట్ ఫాల్మన్ అనే అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త 1982 సెప్టెంబర్ 19న కోలన్, గీత, బ్రాకెట్ కలిపి నవ్వుముఖం వాడదామని ప్రతిపాదించారు.

మనకి దీనికి తోడు మరో చిక్కు ఉంది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తాం, దీర్ఘాలు ఎగిరిపోతాయి. మా గ్రూపులో ఒకమ్మాయి సీనియర్లని మెచ్చుకుంటూ "ఇవన్నీ మీరు ముందే చెప్పారు" అని రాసింది. "చెప్పారు"లో దీర్ఘానికి రెండో 'a' కొట్టలేదు, "chepparu" అని పడింది. ఒక సీనియర్ దాన్ని "ఇవన్నీ మీరు ముందే చెప్పరు" అని చదువుకున్నారు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, రోజూ రెండు గంటలు ఉచితంగా కొత్తవాళ్ళ సందేహాలు తీర్చే మనిషి. ఆయనకి నొప్పి తగిలింది. "మేమేం మీ దగ్గర జీతం తీసుకోవడం లేదమ్మా" అన్నారు. ఆ అమ్మాయికి తాను ఏం తప్పు చేసిందో తెలియదు. ఆమె తరఫున నలుగురు, ఆయన తరఫున ఐదుగురు దిగారు. చిలికి చిలికి గాలివాన అంటారే, అదే. 60 మెసేజ్‌ల తర్వాత ఎవరో ఆ వాక్యాన్ని తెలుగు లిపిలో తిరిగి రాసి, "ఆమె అన్నది ఇదేమో చూడండి" అన్నారు. ఆయన వెంటనే క్షమాపణ చెప్పారు. కానీ ఆ 60 మెసేజ్‌లలో మిగతావాళ్ళు అనుకున్న మాటలు అలాగే ఉండిపోయాయి. అందులో ఇద్దరు ఇప్పటికీ మాట్లాడుకోరు.

కాబట్టి ఒక మెసేజ్ మరీ అన్యాయంగా అనిపిస్తే, దాన్ని పైకి ఒకసారి చదవండి. మెత్తటి గొంతుతో చదివితే వేరే అర్థం వస్తుందా చూడండి. వస్తే, గొడవ మొత్తం ఆ రెండు అర్థాల మధ్య సందులోనే నడుస్తూ ఉండొచ్చు.

ఇక మీ అసలు అనుమానం: ఇంత చిన్నదానికి అంత గొడవా? చిన్నది కాబట్టే. సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1957లోనే దీన్ని చెప్పారు. ఒక కమిటీ ముందుకి అణు రియాక్టర్ ప్రతిపాదన వస్తే నిమిషాల్లో ఆమోదిస్తారు, ఎందుకంటే అది ఎవరికీ పూర్తిగా తెలియదు. సైకిళ్ళ షెడ్డు ప్రతిపాదన వస్తే ముప్పావుగంట వాదిస్తారు, ఎందుకంటే షెడ్డు గురించి అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. 1999లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ళ మెయిలింగ్ లిస్టులో ఒక చిన్న మార్పు మీద ఇలాగే పెద్ద రభస జరిగినప్పుడు, పాల్-హెన్నింగ్ క్యాంప్ అనే డెవలపర్ ఈ సైకిల్ షెడ్డు కథ గుర్తు చేస్తూ పెద్ద లేఖ రాశారు. అప్పటి నుంచి ప్రోగ్రామర్లలో అది వాడుక మాట అయిపోయింది. గ్రూపులో ఎవరైనా "ఇది బైక్‌షెడ్డింగ్" అంటే అర్థం ఇదే.

అయితే సీనియర్లు వాదించుకునే ప్రతి చిన్న విషయాన్నీ పనికిమాలినదని కొట్టిపారేయకండి. మీరు చెప్పిన ట్యాబ్, స్పేస్ సంగతే తీసుకుందాం. పైథాన్ భాషకి అధికారిక శైలి సూచన అయిన పెప్ 8 ప్రకారం నాలుగు స్పేసులు వాడాలి. పైథాన్ 3లో రెండూ కలగాపులగంగా వాడితే ప్రోగ్రాం నడవకుండా ఎర్రర్ కూడా ఇస్తుంది. గో అనే మరో ప్రోగ్రామింగ్ భాషతో, కోడ్‌ని తీరుగా సర్దిపెట్టే గోఫ్మ్ట్ అనే ఫార్మాటర్ వస్తుంది, అది ట్యాబులే పెడుతుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోనూ ట్యాబులే, ఒక్కోటి ఎనిమిది అక్షరాల వెడల్పు. స్పేస్ వాడితే ఎవరి స్క్రీన్ మీదైనా కోడ్ ఒకేలా కనబడుతుంది. ట్యాబ్ వాడితే చదివేవాళ్ళు తమకి కావలసినంత వెడల్పు పెట్టుకోవచ్చు. చూపు తక్కువగా ఉండి అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని చదివేవాళ్ళకి ఇది నిజంగా అవసరం. అంటే ఇద్దరి దగ్గరా సరైన కారణాలున్నాయి, వాళ్ళు చేసే పనులు వేరు. పైథాన్‌తో పదేళ్ళు గడిపిన మనిషి, కెర్నల్‌తో పదేళ్ళు గడిపిన మనిషి ఈ విషయం మీద తగాదా పడితే, ఇద్దరూ తమ పదేళ్ళని కాపాడుకుంటున్నారన్నమాట. థ్రెడ్‌లో "ఎవరు కరెక్టు" తేలకపోవడానికి కారణం మీ తెలివితక్కువతనం కాదు, అక్కడ తేలడానికి ఏమీ లేదు.

ఇలాంటివాటిని ప్రోగ్రామర్లు "హోలీ వార్", అంటే మతయుద్ధం, అంటారు. డానీ కోహెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1980లో, కంప్యూటర్ మెమరీలో బైట్లు ఏ వరసలో ఉండాలన్న తగాదా మీద ఒక వ్యాసం రాస్తూ ఈ మాట వాడారు. ఆయన తేల్చింది ఏమిటంటే, ఏ వరస ఎంచుకున్నారన్నదాని కంటే అందరూ ఒకే వరసకి ఒప్పుకోవడం ముఖ్యం అని. మీరు చేరిన టీములో ఏది నడుస్తుంటే అది వాడండి. ట్యాబ్, స్పేస్ విషయంలో మీకు ప్రాక్టికల్‌గా కావలసిన జవాబు అంతే.

సీనియర్లు కొత్తవాళ్ళ మీద ఎందుకు విసుక్కుంటారన్నది కూడా తెలియాలి. మీరు మొదటిసారి అడిగే ప్రశ్న వాళ్ళకి నాలుగువందలోసారి. యూజ్‌నెట్ అని పాతకాలపు ఆన్‌లైన్ చర్చా గ్రూపులుండేవి, వాటిలోకి ప్రతి సెప్టెంబర్‌లోనూ యూనివర్సిటీల్లో కొత్తగా చేరిన విద్యార్థులు ఒక్కసారిగా వచ్చిపడేవారు. ఒకటి రెండు నెలల్లో పద్ధతులు నేర్చుకుని సర్దుకునేవారు. 1993 నుంచి మామూలు జనానికి కూడా ఇంటర్నెట్ సేవలు తెరుచుకోవడంతో ఏడాది పొడవునా కొత్తవాళ్ళే. పాతవాళ్ళు దానికి "ముగియని సెప్టెంబర్" అని పేరు పెట్టారు. మీ గ్రూపులోని సీనియర్లు కూడా అలాంటి సెప్టెంబర్‌లోనే ఏళ్ళ తరబడి ఉన్నారు. వాళ్ళ విసుగుని నేను సమర్థించను. ఒకరి మీద కోపం ఇంకొకరి మీద చూపించడం తప్పే. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు మీ మీద పడిన మాట చాలాసార్లు మీ కోసం పుట్టింది కాదని తెలిస్తే, అది అంతగా గుచ్చుకోదు.

ఇంకో సంగతి. గొడవ పడేవాళ్ళంతా స్వతహాగా గొడవ మనుషులని అనుకోవద్దు. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో, కష్టమైన పరీక్ష రాసి చిరాగ్గా ఉన్నవాళ్ళు, అప్పటికే చెడ్డ కామెంట్లు ఉన్న చర్చలోకి వచ్చినవాళ్ళు, తాము కూడా చెడ్డగా రాసే అవకాశం పెరిగింది. మామూలు మనుషులే. నేను మోడరేటర్‌గా చూసింది కూడా ఇదే. ఉదయం ఒక కొత్తవాడికి ఓపిగ్గా నాలుగు పేరాలు రాసిన మనిషే రాత్రి పదకొండింటికి ఒక్క లైనులో మనసు విరిచేస్తాడు. మెసేజ్ టైము చూడండి. పొడవాటి మెసేజ్‌కి నిమిషంలోపు రిప్లై వచ్చిందంటే అవతలివారు పూర్తిగా చదవలేదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, మొదటి వాక్యానికే జవాబు ఇచ్చేశారు.

ఎంతమంది మాట్లాడారో లెక్కపెట్టండి. 200 రిప్లైలు అంటే 200 మంది కాదు. కాగితం మీద పేర్లు రాసి గీతలు పెట్టుకోండి. నేను ఇలా లెక్కపెట్టిన గొడవల్లో చాలావాటిలో ఏడెనిమిది మందే సగానికి పైగా రాసినవాళ్ళు. ఆన్‌లైన్ గ్రూపుల గురించి వెబ్‌సైట్లు వాడేవాళ్ళకి తేలిగ్గా ఉండేలా చేయడంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పారు: నూటికి 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కరే ఎక్కువగా రాస్తారు. "గ్రూపంతా కొట్టుకుంటోంది" అని మీకు అనిపించిన రోజున గ్రూపులో ఎక్కువమంది మీలాగే మౌనంగా చదువుతూ ఇబ్బంది పడుతున్నారు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, ఎందుకంటే థ్రెడ్ చదివేటప్పుడు మీకు ఇది పనికొస్తుంది. కొన్నేళ్ళ క్రితం ఒక గొడవలో బూతులున్న మెసేజ్‌లు తీసేశాను. మంచిపనే చేశాననుకున్నాను. ఒకతను రెచ్చగొడుతూ రాసినవన్నీ పోయాయి. రెండో అతను కోపంగా ఇచ్చిన జవాబులు, బూతులు లేవు కాబట్టి, మిగిలాయి. మర్నాడు చదివినవాళ్ళకి రెండో అతను ఊరికే ఎవరి మీదో అరుస్తున్నట్టు కనబడింది. అతన్ని తిట్టారు. అతను ఏమీ అనకుండా గ్రూపు వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను మెయిల్ రాసినా తిరిగి రాలేదు. ఇప్పుడు ఏది తీసేసినా అక్కడ ఒక లైను రాసి పెడతాను. అన్ని చోట్లా అలా చేయరు. అందుకే, ఎవరైనా గాలితో పోట్లాడుతున్నట్టు కనబడితే అక్కడ ఏదో మెసేజ్ మాయమైందేమో అనుకోండి. "ఎడిట్ చేయబడింది" అన్న గుర్తు కూడా చూడండి. జవాబు వచ్చాక ప్రశ్న మారిపోయి ఉండొచ్చు.

ఒక హెచ్చరిక. పైన చెప్పినదంతా అభిప్రాయభేదం ముదిరిన గొడవల గురించి. ఒక మనిషిని పుట్టుకని బట్టో, ఆడ మగ అనో కించపరిచినా, ఫోన్ నంబరో ఇంటి అడ్రసో బయట పెట్టినా, బెదిరించినా, అక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏమీ లేదు. స్క్రీన్‌షాట్ తీసుకుని అడ్మిన్‌కి రిపోర్ట్ చేయండి. కొత్తవాళ్ళమని వెనకాడొద్దు. అలాంటి రిపోర్టులు నాకు ఎక్కువగా వచ్చేది కొత్తవాళ్ళ నుంచే, పాతవాళ్ళకి అలవాటైపోయి కళ్ళకి ఆనదు.

గొడవ నడుస్తుండగా మీరేం చేయాలి? ఆ థ్రెడ్‌లో "ఏమైంది?" అని అడగొద్దు. పది రకాల కథలు వస్తాయి, అందులో మూడు కొత్త గొడవలు. "ఇద్దరూ పెద్దవాళ్ళు, సర్దుకోండి" అని కూడా రాయొద్దు. మంచి మనసుతోనే రాస్తారు కానీ ఇద్దరికీ అది చిన్నతనంగా తగులుతుంది. తెలుసుకోవాలనుంటే, ఆ గొడవలో దిగని ఒక సీనియర్‌కి ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి: "ట్యాబుల గురించి ఆ వాదన నాకు అర్థం కాలేదు, టెక్నికల్ భాగం వరకు వివరిస్తారా?" ఎవరిది తప్పు అని అడగనంతవరకు చాలామంది సంతోషంగా చెబుతారు. మీకే కోపం వచ్చి రాయాలనిపిస్తే ఒక రాత్రి ఆగండి. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1855 అని నెట్ మర్యాదల మీద ఒక పత్రం వచ్చింది. కోపంగా ఉన్న జవాబుని తెల్లారేదాకా ఆపమని అందులోనే రాశారు.

అదే పత్రంలో, ఏ గ్రూపులోనైనా పోస్టు చేసే ముందు ఒకటి రెండు నెలలు చదవమని కూడా ఉంది. మీకు నెల అయిపోయింది. ఇక మీ సందేహం అడగొచ్చు. కొత్త థ్రెడ్‌గా పెట్టండి, ఆ గొడవ ప్రస్తావన తేవద్దు. ఏం చేయబోయారు, ఏం వచ్చింది, అప్పటికే ఏమేం ప్రయత్నించారు, ఈ మూడూ రాయండి. ఎర్రర్ మెసేజ్ ఉంటే పూర్తిగా అతికించండి. గ్రూపులో ముందే వెతికాననీ, ఫలానా పాత థ్రెడ్ చూశాననీ ఒక్క వాక్యం కలపండి. ఆ వాక్యం చూస్తే ఎంత విసుగ్గా ఉన్న సీనియరైనా మెత్తబడటం నేను ఎన్నోసార్లు చూశాను. సమస్య తీరాక వెనక్కి వచ్చి ఎలా తీరిందో రాయండి, తర్వాత వచ్చేవాళ్ళకి అదే దారి చూపిస్తుంది.

లాక్ అయిన ఆ థ్రెడ్ ఇంకా చదవడానికి ఉంటుంది కాబట్టి ఒకసారి మళ్ళీ తెరవండి. పాతవి ముందు వచ్చేలా పెట్టుకుని, ట్యాబు, స్పేసుల గురించి వచ్చిన ఆఖరి మెసేజ్ ఏదో, మనుషుల గురించి వచ్చిన మొదటి మెసేజ్ ఏదో గుర్తించండి. తేల్చుకోలేకపోతే, పేర్లు తీసేసి ఆ రెండు మూడు మెసేజ్‌లు ఇక్కడ కింద పెట్టండి. కూర్చుని చూద్దాం.